సున్నపు బట్టీ దగ్గర పేలని తుపాకీ

పొద్దుగూకాక ఆ సున్నపు బట్టీ వైపు ఎవరూ వెళ్ళరు.

ఈ మధ్య మొదలైంది కాదు, మా అమ్మమ్మ రోజుల నుంచీ అంతే. వాగు పక్కన కొండవాలుకి ఆనించి కట్టిన రాతి బట్టీ అది. రెండు నిలువుల ఎత్తుంటుంది. కింద గుహలాంటి నోరు. అందులో సున్నం కాల్చడం మానేసి వందేళ్ళు దాటింది. నెత్తిన మేపుల్ చెట్టు మొలిచింది, పక్కరాళ్ళు జారిపోయాయి. పగలు చూస్తే అందులో భయపడేదేమీ లేదు. వాగులో చేపలు పట్టేవాళ్ళు దాని నీడన కూర్చుని శాండ్‌విచ్‌లు తింటారు. ఎండ కొండ దాటిందంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని గాలాలు సర్దుకుంటారు.

ఎందుకంటే చీకట్లో అక్కడ ఒక చప్పుడు వినిపిస్తుంది.

టిక్.

కొంచెం ఆగి... టక్.

ఇంకాస్త ఆగి — ఠక్.

ఆ తర్వాత ఏమీ ఉండదు. వాగు పారుతున్న సవ్వడి, అంతే.

ఆ చప్పుడేమిటో మా మోహాక్ లోయలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. చెకుముకి తుపాకీ. చెకుముకి రాయిని పళ్ళతో కరిచిపట్టుకుని ఉండే ఇనుప కొక్కేన్ని గుర్రం అంటారు. దాన్ని సగం వెనక్కి లాగితే టిక్. పూర్తిగా లాగితే టక్. మీట నొక్కితే ఆ రాయి పోయి ఉక్కు పలకని కొడుతుంది — ఠక్. అప్పుడు నిప్పురవ్వలు రాలాలి. కింద గిన్నెలో పోసిన రంజకం, అంటే నిప్పందించే మందుపొడి, అంటుకోవాలి. తుపాకీ పేలాలి.

బట్టీ దగ్గర మాత్రం పేలదు.

రెండొందల ఏళ్ళ కిందటి పాత స్వాతంత్ర్య యుద్ధంలో యోస్ట్ అనే కాపలావాడు అక్కడ నిలబడ్డాడట. రాజు పక్షం వాళ్ళు రాత్రివేళ వాగు దాటుతుంటే చూశాడు. ఒక్క తుపాకీ మోత వినిపిస్తే చాలు, పైనున్న ఇళ్ళవాళ్ళు లేచి అడవిలోకి పారిపోయేవాళ్ళు. మంచుకి మందు తడిసిందో, రాయి అరిగిపోయిందో... నొక్కాడు, నొక్కాడు, నొక్కుతూనే ఉన్నాడు. పేలలేదు. తెల్లారేసరికి ఇళ్ళు లేవు. ఇప్పటికీ నొక్కుతున్నాడని అంటారు.

నేను ఇలాంటివి విని నవ్వేసే మనిషిని. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఓరిన్ నాకు చెప్పింది. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సులు బాగుచేసిన మెకానిక్కు ఓరిన్ స్వార్ట్. ఏది చూసినా దాని లోపల స్ప్రింగెక్కడుంది, బోల్టెక్కడుంది అని వెతికే రకం. లేనిది ఉన్నట్టు చెప్పడం అతనికి చేతకాదు.

మాది ఆ పాత యుద్ధం వేషాలు కట్టే దళం. ఏడాదికి నాలుగైదుసార్లు ఎవరి పొలంలోనో గుడారాలు వేసి, ఆ కాలం బట్టలు తొడుక్కుని, గుండు లేని ఉత్త మందు పేలుస్తూ యుద్ధం ఆడతాం. మా ఆయన హార్లన్ దళానికి సార్జంటు. వంట నాదీ, వెర్నాదీ.

వెర్నా మొగుడు డ్వేన్ కూడా దళంలోనే ఉండేవాడు. మంచి మనిషి. అతని తుపాకీయే మంచిది కాదు.

మా తుపాకులన్నీ నకళ్ళే. పాత నమూనా చూసి కొత్తగా చేసినవి. కొందరివి ఇటలీవి, కొందరివి ఇండియావి. డ్వేన్‌ది నాలుగు చేతులు మారి వచ్చినది. ఎర్రటి వార్నిష్ బెల్లం పాకంలా మందంగా పూసి ఉండేది. చూడ్డానికి తుపాకీలా కాక, బొమ్మలకొట్లో వేలాడదీసిన వస్తువులా ఉండేది. పోనీ పేలేదా అంటే అదీ లేదు. వరసలో ఇరవైమంది ఒక్కసారి మీట నొక్కితే పందొమ్మిది మోతలు, ఒక ఠక్. ఆ ఠక్ డ్వేన్‌ది.

దాంతో అతనికి ‘టిక్కు డ్వేన్’ అని పేరొచ్చింది. నాలుగేళ్ళు అలాగే పిలిచారు. నేనూ పిలిచాను, దాచడమెందుకు.

రెండేళ్ళ కిందట అక్టోబరులో, బట్టీ పక్క పొలంలో మా విడిది. సాయంత్రం యుద్ధంలో మళ్ళీ ఠక్. ప్రేక్షకుల్లో కూడా నవ్వారు. మంట దగ్గర మా ఆయన అన్నాడు: "డ్వేనూ, రేపటి నుంచి ఓ చీపురుకట్ట పట్టుకురావయ్యా. కనీసం గుడారమైనా ఊడుస్తుంది."

డ్వేన్ కూడా నవ్వాడు. తరవాత లేచి, "ఇవాళ బట్టీ దగ్గర పహరా నేను చేస్తాలే" అన్నాడు. అక్కడికి పోయేందుకు మిగతావాళ్ళెవరూ ఎగబడరు కాబట్టి సరేనన్నారు.

తెల్లారి కాఫీకి పిలవడానికి వెళ్ళినవాళ్ళు చూశారు. బట్టీ నోటి పక్కన, గోడకి ఆనుకుని, టోపీ కళ్ళమీదికి వాలి కూర్చుని ఉన్నాడు. రాత్రే గుండె ఆగి చనిపోయాడు. ఒళ్ళో తుపాకీ. గుర్రం పూర్తిగా వెనక్కి లాగి ఉంది. చుట్టూ గడ్డిలో చెకుముకి రాళ్ళ పెచ్చులు... రాత్రంతా రాళ్ళు మార్చి మార్చి ప్రయత్నించాడన్నమాట. నలుగురూ నవ్వని చోట ఒక్కసారి పేల్చి చూసుకుందామనుకున్నాడు.

ఆ ఏడాది నుంచి బట్టీ దగ్గర చప్పుడు మళ్ళీ ఎక్కువైంది. చేపలవాళ్ళు ఇద్దరు విన్నారు. మా ఆయన కూడా విన్నాడు. ఒప్పుకోడు గానీ, ఒక రాత్రి పహరా నుంచి గంట ముందే వచ్చి పడుకున్నాడు. "ఏమైంది?" అంటే, "చలి" అన్నాడు. అది జూన్ నెల.

ఈ ఏడు ఏప్రిల్లో వెర్నా తన ఇంటిముందు బల్లలు వేసి పాత సామాను అమ్మకానికి పెట్టింది. కుర్చీలు, పచ్చడి సీసాలు, డ్వేన్ చలికోట్లు. చివరి బల్లమీద తుపాకీ.

ఓరిన్ అప్పుడే మా దళంలో కొత్తగా చేరాడు. తుపాకీ లేదు. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. గొట్టంలో వేలు పెట్టాడు, గుర్రం లాగాడు.

"ఇది పేలదు ఓరిన్" అంది వెర్నా. "ముందే చెప్తున్నా. మా ఆయన చేతిలో ఒక్కసారీ పేలలేదు."

"ఎందుకని?"

"నాకేం తెలుసు? నువ్వు మెకానిక్కువి, నువ్వు చెప్పు."

"చూస్తేగానీ తెలీదు. ఎంతిమ్మంటావు?"

"రెండొందల డాలర్లివ్వు. వద్దు, నూటయాభై చాలు." ఆగింది. "ఓరిన్... నిజంగా బాగుచేస్తావా? గోడకి తగిలించడానికైతే అమ్మను."

"బాగుచేస్తాను."

ఆమె డబ్బు లెక్కపెట్టకుండానే ఏప్రన్ జేబులో వేసుకుని, లోపలికెళ్ళి తలుపేసుకుందట. బల్లలమీద సామానంతా వీధిలో అలాగే ఉండిపోయింది.

ఓరిన్ ఇంటి వెనక షెడ్డులో వేసవంతా ఆ పని జరిగింది. ఒంటరి మనిషి, తిన్నాడో లేదో అని నేను అప్పుడప్పుడూ ఏ బీన్సు కూరో పట్టుకుని వెళ్ళేదాన్ని. అలా చాలావరకు కళ్ళారా చూశాను.

ముందు తుపాకీని ముక్కలు ముక్కలుగా విప్పాడు. కొయ్యకి వార్నిష్ కరిగించే మందు పూస్తే ఆ ఎర్రటి పాకం బుడగలు లేచి, చచ్చిన చర్మంలా ఊడొచ్చింది. గాజుపెంకుతో గీకాడు. భుజానికి ఆనించే మడమ లావుగా, మొద్దులా ఉంటే చిత్రిక పట్టి సన్నం చేశాడు. గరుకు కాగితం, తరవాత ఇంకా సన్న కాగితం, తడిగుడ్డతో తుడిచి కొయ్య నూగు లేపడం, మళ్ళీ రుద్దడం... జూలై వచ్చేసరికి లోపలి కొయ్య రంగు బయటపడింది. తేనె రంగు. చక్కటి గీతలు.

ఒక్క చోట తప్ప.

చేత్తో పట్టుకునే సన్నటి మెడ ఉంటుంది కదా, అక్కడ చెయ్యి పట్టిన గుర్తులా నల్లటి మచ్చ. నాలుగు వేళ్ళు ఒకవైపు, బొటనవేలు ఇంకోవైపు.

"చెమట" అన్నాడు ఓరిన్, నా మొహం చూసి. "వార్నిష్ పగిలిన చోట చెమటా, తుపాకీమందు మసీ లోపలికి దిగుంటాయి. కొయ్య నల్లబడుతుంది. దానికి మందుంది."

మందు పెట్టాడు. మచ్చ పోయింది. ఎండబెట్టి అవిసె నూనె మొదటి పూత పూశాడు. తెల్లారి చూస్తే మచ్చ మళ్ళీ వచ్చింది. మళ్ళీ గీకాడు, మళ్ళీ మందు. మూడోసారి వచ్చాక వదిలేశాడు.

"నూనెకి లోపలిది పైకి తేలుతుంది. అంతే" అన్నాడు.

అంతే కావచ్చు. కానీ నేను గమనించాను — ఆ తరవాత నూనె పూసేటప్పుడు ఓరిన్ ఆ మెడ దగ్గరికి రాగానే గుడ్డ అడ్డం పెట్టుకుని పట్టుకునేవాడు, ఒట్టి చేత్తో పట్టుకునేవాడు కాదు.

గొట్టాన్ని అద్దంలా రుద్దాడు. దానిమీద కొట్టిన కొత్తకాలం అంకెలు కనపడకుండా అరగదీశాడు. చివరికి అసలు రోగం దొరికింది. రాయి తగిలే ఉక్కు పలక మెత్తగా ఉంది. రాయి దాన్ని గీరుతోందే తప్ప రవ్వ రాల్చడం లేదు. ఓరిన్ దాన్ని ఎముకల బొగ్గుపొడిలో పాతి, గంటల తరబడి ఎర్రగా కాల్చి, చన్నీళ్ళలో ముంచాడు. ఆకురాయి పెడితే జారిపోయింది. అంత గట్టిపడింది.

"చూడు" అన్నాడు నాతో. గుర్రం లాగి నొక్కాడు. షెడ్డు చీకట్లో రవ్వలు జల్లుమని రాలాయి. పదిసార్లు నొక్కితే పదిసార్లూ.

"నాలుగేళ్ళు ఆ మనిషిని ఏడిపించాం" అన్నాను. "ఇంత చిన్న పలకా కారణం?"

ఓరిన్ తుపాకీని గుడ్డలో చుట్టేశాడు.

అక్టోబరులో మళ్ళీ ఆ పొలంలోనే విడిది. నలభై గుడారాలు. సాయంత్రానికి పొగమంచు దిగింది. నేనూ వెర్నా పెద్ద కుండలో పందిమాంసం, బీన్సు ఉడికిస్తున్నాం. వెర్నా పొద్దుటి నుంచి మాట్లాడటం లేదు. నేను ఏదడిగినా ఊఁ అంటుంది.

మా ఆయన పహరాల జాబితా చదువుతున్నాడు. కట్టేసిన గుర్రాల దగ్గర వీళ్ళు, దారి దగ్గర వీళ్ళు... బట్టీ దగ్గర అనేసరికి అందరూ బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు.

"ఏం, అందరికీ ఒకేసారి చలి పట్టుకుందా?" అన్నాడు మా ఆయన. జూన్ సంగతి నేను అనలేదు, మొగుడు కాబట్టి.

"నేను వెళ్తాను" అన్నాడు ఓరిన్. "పదింటి నుంచి పన్నెండింటి దాకా."

"నీకెందుకయ్యా, కొత్తవాడివి..."

"అందుకే. నాకు ఆ కథలు పూర్తిగా తెలీవు."

నవ్వారు. వెర్నా నవ్వలేదు. గరిటె కుండలోనే వదిలేసి అతని దగ్గరికెళ్ళింది. తుపాకీ వైపు చాలాసేపు చూసింది. తాకలేదు.

"ఇదేనా?"

"ఇదే."

"గుర్తుపట్టలేకపోయాను." గొంతు తగ్గించింది. "పేలుతుందా?"

"పేలుతుంది వెర్నా."

ఆమె తల ఊపి, కుండ దగ్గరికి రాకుండా, చీకట్లో తన ఇంటివైపు నడిచి వెళ్ళిపోయింది. వాళ్ళిల్లు వాగుకి అవతల, పది నిమిషాల నడక. ఒంట్లో బాలేదేమో అనుకున్నాను.

ఇక్కడి నుంచి ఓరిన్ చెప్పింది చెప్పినట్టే చెప్తాను. మర్నాడు పొద్దున కాఫీ చల్లారిపోయేదాకా చేతిలో పట్టుకుని చెప్పాడు.

బట్టీకి పన్నెండడుగుల దూరంలో, దారి మీద నిలబడ్డాడట. దీపం లేదు — పహరాలో దీపం ఉండకూడదు. పొగమంచులో బట్టీ నోరు ఒక నల్లటి మరకలా కనిపిస్తోంది. తుపాకీలో ఉత్త మందు దట్టించి, గిన్నెలో రంజకం పోసి మూశాడు. గుర్రం సగంలో పెట్టాడు. వేలు మీట మీద లేదు. ఇవన్నీ మరీ మరీ చెప్పాడు.

గంట గడిచింది. ఏమీ లేదు. వాగు, ఆకులమీద మంచుచుక్కలు... విసుగనిపించింది.

టిక్.

వెనక్కి తిరిగాడు. మళ్ళీ ముందుకి తిరిగాడు.

టక్.

బట్టీ వైపు నుంచి. దగ్గర్లోనే.

ఠక్.

నవ్వొచ్చిందట ముందు. హార్లన్ వేషాలనుకున్నాడు. "సార్జంట్... చలిగా ఉంది, వెళ్ళి పడుకోండి" అన్నాడు మెల్లిగా.

జవాబుగా మళ్ళీ అదే.

టిక్... టక్... ఠక్.

ఈసారి నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళు ఇంజన్లు విన్న చెవులవి. ఏ బోల్టు వదులైందో చూడకుండానే చెప్పే మనిషి. ఆ మూడో చప్పుడు వినగానే తెలిసిపోయింది. గట్టి ఉక్కు మీద రాయి పడితే ఖంగుమంటుంది. ఇది అలా లేదు. మెత్తగా, మందంగా...

అది అతను ఆగస్టులో ఉక్కు పలకని ఎముకల బొగ్గులో పెట్టి కాల్చకముందు, తన చేతిలోని ఈ తుపాకీయే చేసిన చప్పుడు.

చేత్తో తడుముకున్నాడు. గుర్రం సగంలోనే ఉంది. పలక చల్లగా ఉంది. తన తుపాకీ కదల్లేదు.

మూడోసారి. నాలుగోసారి. మధ్యలో ఎవరో ఆగి రాయి సరిచూసుకుంటున్నంత వ్యవధి. తొందర లేదు. కోపం లేదు. ఓపిగ్గా...

"ఎవరది?" అన్నాడు. మళ్ళీ అన్నాడు — "ఎవరక్కడ?"

అయిదోసారి.

పరిగెత్తుదామనుకున్నాడట. అంతలో పొగమంచు కొంచెం పలచబడింది. బట్టీ నోటి పక్కన, గోడకి ఆనుకుని... ఒక ఆకారం. కూర్చుని ఉంది. వెడల్పు టోపీ. తల వాలి ఉంది.

డ్వేన్ దొరికిన చోటు అదేనని ఓరిన్‌కి తెలుసు. ఆ మాట దళంలో అందరికీ తెలుసు.

టిక్... టక్...

ఠక్.

ఆరు.

అప్పుడు ఆ ఆకారం టోపీ ఎత్తింది. చీకట్లో, ఊపిరి కన్నా కొంచెం పెద్దగా ఒక గుసగుస...

"ఇంకొక్కసారి..."

ఓరిన్ తుపాకీ ఎత్తాడు. ఎందుకెత్తాడో తనకే తెలీదన్నాడు. ఆకాశం వైపే గురిపెట్టాడు, ఆ మాత్రం బుద్ధి మిగిలింది. గుర్రం పూర్తిగా లాగాడు. ఆకారం లేచి నిలబడుతోంది. గోడ పట్టుకుని, నెమ్మదిగా, ముసలివాళ్ళు లేచినట్టు...

నొక్కాడు.

రంజకం భగ్గుమంది. ఆ వెలుగులో ఒక్క క్షణం అంతా కనిపించింది — రాళ్ళు, నాచు, బట్టీ నోరు, డ్వేన్ టోపీ, డ్వేన్ పొడుగాటి చలికోటు. వాటి మధ్య, కళ్ళు గట్టిగా మూసుకుని, వెర్నా మొహం.

మోత కొండకి తగిలి తిరిగొచ్చింది. విడిదిలో నేను విన్నాను. పక్కన పడుకున్న మా ఆయన లేచి కూర్చుని, "పేలింది" అన్నాడు. మళ్ళీ పడుకోలేదు.

బట్టీ దగ్గర మందు పొగ వాసన. ఓరిన్ తుపాకీని గడ్డిలో పడుకోబెట్టి తనూ కూలబడ్డాడు.

"నీకేమైనా పిచ్చా వెర్నా?" అన్నాడు చివరికి. "నా గుండె ఆగిపోయేది."

"ఆగలేదుగా." ఆమె గొంతు బొంగురుగా ఉంది. ఏడ్చి ఉంది. "క్షమించు. నువ్వున్నావని తెలిసే వచ్చాను. ఇంటికెళ్ళి ఆయన కోటు వేసుకుని వచ్చాను. చెప్తే రానిచ్చేవాడివి కాదు."

"ఎందుకొచ్చావు?"

"వినడానికి." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రాత్రి బయల్దేరేటప్పుడు నాతో అన్నాడు. కిటికీ తెరిచి పెట్టుకో, ఇవాళ పేలుతుంది, ఇంటికి వినిపిస్తుంది అన్నాడు. తెరిచి పెట్టుకున్నాను. తెల్లారేదాకా చలిలో కూర్చున్నాను ఓరిన్. వినిపించలేదు. పేలకపోతే పేలకపోయె, ఇంటికైనా రాకపోతాడా అనుకున్నాను..."

ఆమె గడ్డిలో ఉన్న తుపాకీ వైపు చూసింది.

"అందుకే నీకమ్మాను. దళం వాళ్ళలో ఎవరికిచ్చినా నవ్వుకుంటూ గోడకి తగిలిస్తారు. నువ్వు బాగుచేస్తానన్నావు. బాగుచేశావు. ఒక్కసారి విన్నాను, చాలు." ముక్కు తుడుచుకుంది. "ఇంకొక్కసారి చూడు అని కూడా అన్నాను కదా. వినిపించిందా?"

"వినిపించింది. ప్రాణం పోయింది."

"మరేమనాలి? ఆరుసార్లు తప్పిపోయాక నువ్వు వదిలేసి పోతావేమోనని భయమేసింది. ఆయనైతే వదిలేవాడు కాదు."

ఓరిన్‌కి ఆ మాట ముందు అర్థం కాలేదట.

"ఏం ఆరుసార్లు?"

"నువ్వు నొక్కడం. లెక్కపెట్టాను. ఏడోదానికి పేలింది."

"వెర్నా..." అన్నాడతను. "నేను నొక్కింది ఒక్కసారే. మొదటిసారికే పేలింది. అంతకుముందు నేను గుర్రం ముట్టుకోలేదు. ఆ చప్పుడు చేసింది నువ్వు కాదా?"

ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. చీకట్లో తెల్లగా, ఖాళీగా ఉన్నాయి.

"దేంతో చేస్తాను ఓరిన్? ఉన్న ఒక్క తుపాకీ నీకమ్మాను."

"నాకు నీ వైపు నుంచి వినిపించింది."

"నాకు నీ వైపు నుంచి వినిపించింది."

ఇద్దరూ ఒకేసారి చూశారు. ఆమె కూర్చున్న గోడకీ, అతను నిలబడ్డ దారికీ మధ్య పన్నెండడుగుల జాగా. గడ్డి. పొగమంచు. ఇంకేమీ లేదు.

అక్కణ్ణించి టిక్ అని రాలేదు. ఓరిన్ దానికోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాడు, రాలేదు. దానికి బదులు ఎవరో ఊపిరి వదిలారు. పొడుగ్గా, నిదానంగా... సాయంత్రం పని ముగించి బరువు కిందపెట్టిన మనిషి వదిలినట్టు.

తను వదల్లేదన్నాడు. వెర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉందన్నాడు.

ఓరిన్ పరిగెత్తేవాడే. వెర్నా కదల్లేదు. కాసేపటికి చెయ్యి దించింది. ఆ ఖాళీ జాగా వైపు తిరిగింది. రోజూ వంటింట్లోంచి పిలిచే గొంతుతో అంది:

"సరే, పేలిందిగా. విన్నాను. ఇక పద, చలేస్తోంది. ఇంటికెళ్దాం."

టోపీ తలమీద పెట్టుకోలేదు, చేత్తో పట్టుకుంది. వాగు మీద చెక్కవంతెన వైపు నడిచింది. ఇంటిదాకా దిగబెడతానని ఓరిన్ లేచాడు గానీ, పది అడుగులు వేసి ఆగిపోయాడు.

"ఎందుకాగావు?" అన్నాను నేను.

చల్లారిన కాఫీలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ వంతెన ఇద్దరు పట్టేంత వెడల్పే కదా" అన్నాడు. "వెర్నా మధ్యలో నడవలేదు. ఒక పక్కకి జరిగి, పక్క కమ్మీ పట్టుకుని నడిచింది. రెండో పక్కన చోటు వదిలి."